నల్లబడ్డ వెల్లుల్లి

శనివారం ఫ్రిజ్ శుభ్రం చెయ్యడమంటే నా మధ్యాహ్న భోజనం నేను వెతుక్కోవడమే. పై అర నుంచి మొదలుపెడతాను. గిన్నె అడుగున గరిటెడు మిగిలిన సూపు, అంచులు ఎండిపోయిన బ్రెడ్డు ముక్కలు, ఒక పక్క మెత్తబడిన టమాటా, మా అమ్మాయి చిట్టి సగం కొరికి మళ్లీ లోపల పెట్టేసిన ఆపిల్. ఒక్కొక్కటీ బయటికి తీసి వాసన చూస్తాను. ముక్కు మూసుకోవాల్సి వస్తే చెత్తబుట్టలోకి పోతుంది. అంత లేకపోతే నా కంచంలోకి వస్తుంది. నా కంచానికీ చెత్తబుట్టకీ తేడా ఆ కాస్తే.

ఇలా తినమని నాకెవరూ చెప్పలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు మా అత్తయ్యని గయ్యాళి అనుకుంటారు. ఆవిడ అలాంటి మనిషి కాదు. మా ఆయన కూడా నా చేతిలోంచి మంచి పండు లాక్కునే రకం కాదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు బ్రెడ్డు కాలుస్తుంటే ఒక ముక్క మాడింది. మంచివి అందరికీ పెట్టి, మాడింది నేను తీసుకున్నాను. కొత్త కోడల్ని కదా, ఎవరైనా "అయ్యో, అదెందుకు తింటావ్" అంటారేమోనని ఒక్క క్షణం ఆగాను కూడా. ఎవరూ అనలేదు. అంతే. పదహారేళ్లుగా ఎవరూ అనలేదు.

విచిత్రం ఏమిటంటే నా ఉద్యోగమే ఏరడం. మందుల కంపెనీలో, అడుగు నుంచి తెల్లటి లైటు పడే బెల్టు మీద మాత్రలు బారులు తీరి వస్తుంటాయి. అంచు విరిగినవి, మచ్చ పడినవి, రంగు మారినవి ఏరి ఎర్ర డబ్బాలో వెయ్యాలి. ఒకసారి ఎర్ర డబ్బాలో పడింది మళ్లీ బెల్టు మీదకి రాకూడదు, ఏ మనిషి నోట్లోకీ పోకూడదు. డబ్బాకి తాళం వేసి తీసుకెళ్లి కాల్చేస్తారు. నన్ను దాటుకుని ఒక్క చెక్కుపోయిన మాత్ర కూడా పోదని మా ఇన్‌చార్జ్ ప్రతి ఏడాదీ మెచ్చుకుంటాడు. "ఆడవాళ్ల కళ్లు వేరండీ, ఇలాంటి పనికే పుట్టిన కళ్లు" అంటాడు. ఆ నోటితోనే, నా తర్వాత నాలుగేళ్లకి చేరిన ఒకతన్ని నాకు పైవాణ్ణి చేశాడు. పని నేర్పింది మాత్రం నేనే.

సరే, ఆ శనివారం సంగతి. ఫ్రిజ్ మధ్య అరలో కొత్తగా ఒక చిన్న చెక్కపెట్టె ఉంది. అది మా ఆయన శుక్రవారం సాయంత్రం తెచ్చి పెట్టాడు. బయటి దేశాల తిండి సరుకులు తెప్పించి హోటళ్లకీ పెద్ద దుకాణాలకీ అమ్మే కంపెనీలో అతను సేల్స్ చూస్తాడు. కొత్త సరుకుల కోసం వేరే విభాగం పెడుతున్నారట, దానికి తనని హెడ్‌ని చేస్తారని ఆరు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. వాళ్ల కంపెనీ యజమాని ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు.

"పెట్టెలో స్పెషల్ వెల్లుల్లి ఉంది. స్టార్టర్ దాంతోనే చెయ్యాలి. సారు ప్రత్యేకంగా దానికోసమే వస్తున్నారు. జాగ్రత్త, పాడు చెయ్యకు" అన్నాడు బూట్లు విప్పుకుంటూ.

"స్పెషల్ అంటే ఏంటండీ?"

"స్పెషల్ అంటే స్పెషల్. ప్రతిదీ నీకు విడమరిచి చెప్పాలా? వెల్లుల్లి ఎప్పుడూ చూడనట్టు!"

వెల్లుల్లి నేను చూడకపోవడమేమిటి. ఇన్నేళ్లలో ఎన్ని బస్తాలు ఒలిచి ఉంటానో. అందుకే ఇంక అడగలేదు. శనివారం ఫ్రిజ్ సర్దుతూ, ఎలా ఉందో చూద్దామని పెట్టె మూత తీశాను. గుండె ఆగినంత పనైంది. నాలుగు గడ్డలున్నాయి. పైపొర ముడతలు పడి కమిలిపోయి ఉంది. ఒక రెబ్బ ఊడదీస్తే లోపల బొగ్గులా నల్లగా ఉంది. వేలితో నొక్కితే మెత్తగా దిగబడింది, వేలికి జిగురు అంటుకుంది. పెట్టె మీద ఏదో రాసి ఉంది గానీ అది నాకు రాని భాష.

ముందు నాకొచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఇది నా తప్పే అయి ఉంటుందని. ఫ్రిజ్‌లో ఎక్కడో పెట్టకూడని చోట పెట్టానేమో, చల్లదనం ఎక్కువ చేశానేమో, తలుపు సరిగ్గా వెయ్యలేదేమో. పెట్టింది అతనే అన్న సంగతి కూడా అప్పుడు గుర్తు రాలేదు. ఆఫీసుకి ఫోన్ చేశాను.

"ఏమండీ, మీరు తెచ్చిన వెల్లుల్లి..."

"వెల్లుల్లి కోసం ఆఫీసుకి ఫోనా? మీటింగులో ఉన్నాను. ఆ మాత్రం నువ్వు చూసుకోలేవూ?"

పెట్టేశాడు. సరే, నేనే చూసుకున్నాను. సందు చివర దుకాణానికి వెళ్లి తెల్లగా నిగనిగలాడే గడ్డలు ఏరి తెచ్చాను. వెన్నలో వేయించి, కాల్చిన బ్రెడ్డు మీద పూసి పెడితే ఎవరికి తెలుస్తుంది? వెల్లుల్లి వెల్లుల్లే. రేపు అతని పరువు నేను కాపాడబోతున్నానని లోపల్లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఇంక ఆ నల్లబడ్డ గడ్డలు. వాటిని పారెయ్యాలన్న ఆలోచన నాకు రాలేదు. ఒట్టు, రాలేదు. వాసన చూశాను. కుళ్లు వాసన లేదు, పుల్లగా, కాస్త బెల్లం కాగినట్టుగా ఉంది. ముక్కు మూసుకునేంత లేదు కదా, నా చెయ్యి దానంతటదే పెట్టెని సూపు గిన్నె పక్కకి, టమాటా పక్కకి, సగం కొరికిన ఆపిల్ పక్కకి జరిపింది.

ఎప్పటిలాగే వంటింటి గట్టు దగ్గర నిలబడే తినడం మొదలుపెట్టాను. ఘాటు తగ్గడానికి రెబ్బని బ్రెడ్డు ముక్క మీద రాసి కొరికాను. కొరికి, అలాగే ఉండిపోయాను. ఘాటు లేదు. తియ్యగా ఉంది. ఆ తీపి వెనక చిన్న పులుపు, ఆ వెనక ఏదో పొగ వాసన, నమలక్కర్లేకుండా నాలుక మీదే కరిగిపోతోంది. బాగా పండిన ఖర్జూరం తిన్నట్టుంది గానీ ఖర్జూరం కూడా కాదు. నా నాలుకే పాడైపోయిందా ఏమిటని భయపడి ఉప్పు చిటికెడు నోట్లో వేసుకుని చూశాను. ఉప్పు ఉప్పగానే ఉంది. రెండో రెబ్బ తిన్నాను. కడుపులో ఏమైనా తేడా చేస్తుందేమోనని గడియారం చూస్తూ ఒక అరగంట ఆగాను. ఏమీ కాలేదు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుని తినడం అదే మొదటిసారి. బట్టలు ఆరేసే పని అలాగే ఉంది, కుళాయి దగ్గర గిన్నెలు అలాగే ఉన్నాయి. ఒక్కో రెబ్బా తీసి, పొట్టు ఒలిచి, నెమ్మదిగా, నాలుగు గడ్డలూ తినేశాను.

ఇక్కడే మీకు నా తెలివి గురించి చెప్పుకోవాలి. పాడైపోయినది ఇంత బాగుంటుందా అని ఆశ్చర్యపోయాను. అసలిది పాడవలేదేమో అన్న అనుమానం మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. ఎలా వస్తుంది? మంచిదైతే నా దాకా ఎందుకు వస్తుంది?

ఆదివారం పన్నెండున్నరకల్లా సారు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, అరవై దాటిన మనిషి. జేబులో చిన్న నోటు పుస్తకం, పెన్ను. మా ఆయన ఆయనకి ఎదురెళ్లి కోటు అందుకున్న తీరు చూస్తే నవ్వొచ్చింది. మా ఇంట్లో తన చొక్కా తను అందుకున్న పాపాన పోలేదు. అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. అందరం అంటే సారు, మా ఆయన, అత్తయ్య, పదేళ్ల మా చిట్టి. నేను వంటగదికీ బల్లకీ మధ్య నడుస్తున్నాను.

"మీరు కూడా ఉద్యోగం చేస్తారటగా?" అన్నాడు సారు నన్ను చూసి.

"ఏదో కాలక్షేపం సార్, మాత్రలు ఏరుతుంది" అన్నాడు మా ఆయన నా బదులు.

సారు నా వైపే చూస్తున్నాడు కాబట్టి బెల్టు సంగతి, లైటు సంగతి చెప్పాను. ఎర్ర డబ్బా సంగతి కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంటే అనుమానం వస్తే చాలు, డబ్బాలో వేసేస్తారన్నమాట" అన్నాడు. "అవునండీ, అనుమానం చాలు" అన్నాను. నా పని గురించి ఆ బల్ల దగ్గర ఎవరైనా రెండో ప్రశ్న వెయ్యడం నాకు గుర్తులేదు.

స్టార్టర్ పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టాను. కాల్చిన బ్రెడ్డు మీద బంగారు రంగులో వేగిన వెల్లుల్లి. ఒక్క ముక్క అంచు మాడింది, దాన్ని పళ్లెంలో నా వైపుకి ఉండేలా పెట్టుకున్నాను. సారు ఒకటి తీసుకుని కొరికాడు. నమిలాడు. పళ్లెం వంక చూశాడు. మా ఆయన వంక చూశాడు.

"బాగుంది. కానీ ఇది మామూలు వెల్లుల్లి కదా. మన సరుకు ఏదీ?"

మా ఆయన మొహం పాలిపోయింది. "అదేంటి సార్, మన పెట్టెలోదే..." అని నా వైపు తిరిగాడు. కళ్లతోనే అరుస్తున్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. కింద పడేశాననో, పిల్లి లాక్కుపోయిందనో అనొచ్చు. కానీ నేను చేసింది మంచి పనే అని నా నమ్మకం కదా, అందుకే నిజమే చెప్పాను.

"ఆ పెట్టెలోది పాడైపోయిందండీ. మొత్తం నల్లబడిపోయింది. అందుకని మంచివి తెచ్చి చేశాను."

సారు మొహంలో ఏదో వెలిగింది. కొరికిన ముక్క కింద పెట్టి జేబులోంచి పుస్తకం తీశాడు. "అదే నేను భయపడుతున్నది! అది పాడవలేదమ్మా. ఆ వెల్లుల్లి అంతే. నెల రోజులపాటు వెచ్చగా, తేమగా ఉంచి మగ్గపెడితే అలా నల్లగా, తియ్యగా మారుతుంది. చాలా ఖరీదైన సరుకు. ఇళ్లలో జనం చూసి కుళ్లిందనుకుని పారేస్తారేమోనని నా బెంగ. అది చూద్దామనే ఇవాళ వచ్చాను. మీరూ పారేశారన్నమాట."

"లేదండీ" అన్నాను. "తినేశాను."

"తిన్నారా! ఎన్ని?"

"అన్నీ."

మా ఆయన చెయ్యి తగిలి గ్లాసు ఒరిగింది. అత్తయ్య నోరు తెరుచుకుని చూస్తోంది. సారు ఒక్కడే పకపకా నవ్వాడు. "భేష్! కుళ్లిందనుకున్న మనిషి చేత కూడా పెట్టె ఖాళీ చేయించిందంటే మన సరుకుకి తిరుగులేదు." గబగబా ఏదో రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ పెన్ను ఆపాడు. తలెత్తి నన్ను చూశాడు. ఆయనకి నామీద జాలేమీ లేదు. లెక్క కుదరని మనిషి మొహంలా ఉంది ఆయన మొహం.

"ఒక్క అనుమానం. మాత్రలైతే ఎర్ర డబ్బాలో వేస్తానన్నారు కదా. మరి ఇది పాడైపోయిందనుకున్నాక మీరెందుకు తిన్నారు?"

నాకు తెలిసిన ప్రశ్నలన్నిటికీ నా దగ్గర జవాబులుంటాయి. ఉప్పు ఎందుకు ఎక్కువైంది, చొక్కా గుండీ ఎందుకు ఊడింది, చిట్టికి లెక్కల్లో మార్కులెందుకు తగ్గాయి. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కుర్చీ వెనక అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు తిన్నాను? పాడైందని నమ్మాను. నమ్మి, పక్కన పడెయ్యకుండా, పొట్టు ఒలుచుకుని మరీ ఎందుకు తిన్నాను?

"మా కోడలు ఏదీ పారెయ్యదండీ" అంది అత్తయ్య. నన్ను ఆదుకుందామనే అంది పాపం, గొంతులో గర్వం ఉంది. "బంగారం లాంటి పిల్ల. మిగిలింది, మాడింది, వాడింది, అన్నీ తనే సర్దుకుంటుంది. ఒక్కరోజు మొహం ముడుచుకోలేదు."

"అవును అంకుల్, అలాంటివన్నీ అమ్మవే" అంది చిట్టి, మా ఇంట్లో ఏ గది ఎవరిదో చెప్పినంత తేలిగ్గా.

సారు ఇద్దరినీ చూశాడు. పెన్ను మూత పెట్టేశాడు. ఆ మాటలు రాసుకోలేదు. అప్పటిదాకా ప్రతి చిన్న మాటా రాసుకున్న మనిషి, ఈ మాటలు ఏ పేజీలో రాయాలో తెలియనట్టు పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత భోజనం ఎలా జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. వడ్డించాను, గిన్నెలు తీశాను, ఇంకొంచెం వేసుకోమని కూడా అన్నాననుకుంటా. చెవుల్లో ఒకటే మాట. మీరెందుకు తిన్నారు, మీరెందుకు తిన్నారు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర సారు మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పెట్టెలో ఏముందో ఇంట్లో మనిషికే చెప్పలేకపోయావు, ఇంక ఊళ్లో వాళ్లందరికీ ఏం చెప్తావయ్యా? చూద్దాంలే" అన్నాడు. ఆ "చూద్దాంలే"తో ఆరు నెలల ఆశ మెట్లు దిగి వెళ్లిపోయింది.

తలుపు వేశాక మా ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. అది నేను అనుకున్నదే. అనుకోనిది అతను ఎంచుకున్న తప్పు.

"పారేశానని చెప్పుంటే సరిపోయేది కదా! తిన్నానని చెప్తావా? పాడైందనుకుని తిన్నానని, ఆయన మొహం మీద! ఇంట్లో నీకు తిండి పెట్టట్లేదనుకోడూ? నా పరువేం కావాలి?"

"నేను రోజూ అలాంటివే తింటానని మీకు తెలీదా?"

"అది మనింట్లో సంగతి. బయటివాళ్ల ముందు చెప్పుకుంటారా ఎవరైనా?"

అంటే తెలుసు. పదహారేళ్లు నేను ఏమనుకున్నానో చెప్పనా? వీళ్లు గమనించలేదని అనుకున్నాను. మగవాళ్లకి కంచాల సంగతి ఏం తెలుస్తుంది, పెద్దావిడకి చూపు ఆనదు, పిల్లది చిన్నది అని వాళ్ల తరఫున నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరికైనా తెలిస్తే వద్దంటారనే నమ్మకంతో బతికాను. అందరికీ తెలుసు. పదేళ్ల పిల్లతో సహా అందరికీ, ఎప్పటినుంచో తెలుసు. అది నలుగురికీ తెలియకూడదన్నదొక్కటే అతని బాధ. నాకు ఏడుపు రాలేదు. చెంప మీద ఎవరో ఫెళ్లున కొట్టాక మొదట నొప్పి తెలియదు చూడండి, అలా ఉంది.

అతను గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నేను గిన్నెలు కడిగాను. సాయంత్రం నాలుగున్నరకి వంటింటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే అలవాటుగా బ్రెడ్డు కాల్చాను. నాలుగు ముక్కలు, నలుగురికి. మనసు ఎక్కడో ఉంది, ఒకటి మాడింది. పళ్లెంలో పెట్టి బల్ల మీదకి తెచ్చాను. అత్తయ్య తన కప్పుతో అప్పటికే కూర్చుని ఉంది. మా ఆయన కూడా మొహం గంటు పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నా చెయ్యి ఎప్పటిలాగే మాడిన ముక్క వైపు వెళ్లింది.

నా చెయ్యి కంటే ముందు ఇంకో చెయ్యి దాన్ని అందుకుంది. చిట్టిది.

"ఇవాళ ఇది నేను తింటాలే అమ్మా. రోజూ నువ్వే తింటావు కదా" అంది.

మంచి పిల్ల. ఎంత మంచి పిల్లో! నా మీద ప్రేమతోనే తీసుకుంది. మధ్యాహ్నం బల్ల దగ్గర విన్నదంతా దానికి తోచినట్టు ఆలోచించుకుని, నా భారం కాస్త పంచుకుందామనుకుంది. మాడినదాన్ని ఎవరో ఒకరు తినాల్సిందేనని దానికి తెలుసు. అది ఎవరు నేర్పారో నేను వెతుక్కోనక్కర్లేదు. రోజుకి మూడు పూటలు, అది కళ్లు తెరిచి చూస్తుండగా, దాని ఎదురుగా నిలబడి నేనే నేర్పాను. ఆ నల్లటి అంచు దాని పెదాల దాకా వెళ్తుంటే సారు ప్రశ్న అడిగినప్పటి కంటే వెయ్యి రెట్లు అదిరిపోయాను.

"వద్దు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, చిట్టి ఉలిక్కిపడింది. ఆ ముక్క దాని చేతిలోంచి తీసుకుని, నడిచి వెళ్లి, చెత్తబుట్టలో వేశాను. మూత పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

"తినేదాన్ని పారేస్తావేంటి?" అన్నాడు మా ఆయన.

"మాడిపోయింది."

"ఎప్పుడూ నువ్వు తింటావుగా?"

అత్తయ్య చెత్తబుట్ట వైపు చాలాసేపు చూసింది. తర్వాత తన కప్పు రెండు వేళ్లతో నా వైపుకి నెట్టింది.

"ఇది కూడా పారబొయ్యమ్మా" అంది చిన్నగా. "పొద్దుటి టీ. మిగిలితే వేడి చేసుకున్నాను."

"పొద్దుటిదా? ఎప్పట్నుంచి అత్తయ్యా ఇలా?"

"మీ మావయ్య ఉన్నప్పట్నుంచీ."

ఆ ఇంట్లో పదహారేళ్లుగా ఆవిడ ఎదురుగానే ఉన్నాను. ఒక్క చెక్కుపోయిన మాత్రని వదలని కళ్లు నావి. ఆవిడ కప్పులో ఏముందో నేనూ చూడలేదు. కప్పు తీసుకెళ్లి సింకులో వంపేశాను. కొత్త టీ పెట్టి ఆవిడకి ఇచ్చాను, నాకూ పోసుకున్నాను.

పళ్లెంలో మూడు ముక్కలు మిగిలాయి. మేం నలుగురం. ఎవరికి లేకపోయినా ఫర్వాలేదో తేల్చే పని ఇన్నేళ్లూ నాకు క్షణం కూడా పట్టేది కాదు. చిట్టికి ఒకటి ఇచ్చాను. అత్తయ్యకి ఒకటి ఇచ్చాను. మూడోది, ఎర్రగా, సమంగా కాలినది, నేను తీసుకుని కుర్చీలో కూర్చుని కొరికాను. మా ఆయన ఖాళీ పళ్లెం వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

"బ్రెడ్డు ఫ్రిజ్‌లో పై అరలో ఉందండీ" అన్నాను. "మాడకుండా చూసుకోండి."